క్యూనిఫాం లిపిని కంప్యూటరులో రాయడం – మూడవ పాఠం: గుర్తుకు సంఖ్య

ప్రాచీన మెసొపొటేమియాలో (నేటి ఇరాక్ ప్రాంతం) మట్టిపలకల మీద మేకు ఆకారపు గీతలతో రాసిన లిపి క్యూనిఫాం. ఆ గుర్తులను రోమన్ లిపిలో రాసుకోవడం గత పాఠంలో నేర్చుకున్నాం. ఇప్పుడు అదే గుర్తును కంప్యూటరులో నమోదు చేద్దాం. 2000లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో మొదలైన ప్రయత్నం ఫలించి, లిపుల్లోని ప్రతి గుర్తుకూ ఒక సంఖ్యనిచ్చే ప్రమాణమైన యూనికోడ్‌లో, 2006లో వెలువడిన 5.0 సంచికలో, ఈ లిపికి చోటు దక్కింది.

ఈ లిపిలో రాసిన ప్రాచీన భాష సుమేరియన్‌లోని 'క' అనే గుర్తును తీసుకుందాం. సందర్భాన్ని బట్టి దానిని నోరు అనే అర్థంలో 'క' అని, మాట అనే అర్థంలో 'ఇనిమ్' అని, దంతం అనే అర్థంలో 'జు' అని చదువుతారు. అయినా యూనికోడ్ దానికి ఇచ్చిన సంఖ్య ఒక్కటే: 12157. సంఖ్య గుర్తుకే గాని ఉచ్చారణకు కాదు కాబట్టి, మీ రోమన్ ప్రతిని పారేయకండి. అందులో ఉన్న పఠన నిర్ణయం ఈ సంఖ్యలో ఉండదు. కాలాన్ని బట్టి మారిన ఆకారాలకూ వేర్వేరు సంఖ్యలు లేవు. యూనికోడ్ గుర్తుల పటంలో చూపినవి ప్రధానంగా క్రీ.పూ. 21వ శతాబ్దపు మూడవ ఉర్ వంశం నాటి రూపాలు. అస్సిరియన్ రూపం కావాలంటే ఫాంటు మార్చుకోవాలి.

నోటి గుర్తు లోపల నీటి గుర్తును ఇరికిస్తే 'తాగు' అనే గుర్తు వస్తుంది. తెలుగులో 'క్ష'కు విడిగా సంఖ్య లేదు. క, పొల్లు, ష వరుసగా చేరితే ఫాంటు దానిని కూర్చుతుంది. ఇక్కడ ఆ పద్ధతి పనిచేయదు. 'తాగు' గుర్తుకు సొంతంగా 12158 కేటాయించారు. గుర్తుల వరుస ఆకారాన్ని బట్టి కాక రోమన్ పేర్ల అక్షరక్రమంలో సాగుతుంది గనుక ఈ రెండూ పక్కపక్కనే పడ్డాయి. పలకల మీద గీతల పోలికతో వెతికే అలవాటున్నవారికి ఇది చికాకే.

ఈ సంఖ్యలు పదహారు ఆధారంగా రాసినవి. 12157ను దశాంశంలోకి మార్చాలంటే దాని అంకెలను వరుసగా 65536, 4096, 256, 16, 1తో గుణించి, వచ్చిన 65536, 8192, 256, 80, 7 కూడాలి, 74071 వస్తుంది. హెచ్‌టీఎంఎల్ (వెబ్ పేజీ) ఫైలులో 𒅗 అని రాసి బ్రౌజరులో తెరవండి. ఖాళీ డబ్బా కనిపిస్తే తప్పు మీది కాదు, ఫాంటు లేదన్నమాట. నోటో సాన్స్ క్యూనిఫాం అనే ఫాంటు వేసుకోండి.

కనిపించిన గుర్తును కాపీ చేసి మరో ఫైలులో అతికించి, యూనికోడ్ సంఖ్యలను బైట్లుగా మార్చే యూటీఎఫ్-8 పద్ధతిలో భద్రపరిస్తే అది 240, 146, 133, 151 అనే నాలుగు బైట్లుగా నిలుస్తుంది. తెలుగు 'క'కు మూడే చాలు. జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో పొడవు అడిగితే మాత్రం ఈ ఒక్క గుర్తుకే రెండు అని జవాబొస్తుంది. ఆ భాష గుర్తులను కాక, యూటీఎఫ్-16 అనే మరో పద్ధతిలోని ముక్కలను లెక్కిస్తుంది, ఈ గుర్తుకు అవి రెండు. పలకలో ఎన్ని గుర్తులున్నాయో లెక్కగట్టే ప్రోగ్రాం రాసేవారు దీనిని తప్పక గమనించాలి.

అభ్యాసం: నోటిలో రొట్టె గుర్తు చేరితే 'తిను' అవుతుంది. దాని సంఖ్యను పటంలో 12158 తరువాత వచ్చే గుర్తుల్లో వెతికి, దశాంశంలోకి మార్చి, తెరమీద చూడండి. సంయుక్త గుర్తుల్లో సొంత సంఖ్య లేనివాటిని వచ్చే పాఠంలో చూద్దాం.