ఓర్వకల్లు నుంచి విశాఖకు విమానంలో ఎంతసేపు? లెక్క మీరే వేసుకోవచ్చు

నేను కర్నూలు సి.క్యాంపులో ఉంటాను, మా అమ్మాయి విశాఖలో మధురవాడలో. నేను బయల్దేరుతున్నానంటే చాలు, "అమ్మా, ఎన్నింటికి దిగుతావు?" అని ఫోన్ చేస్తుంది. ముప్ఫై ఏళ్లు సోషల్ టీచరుగా అక్షాంశాలు, రేఖాంశాలు చెప్పినదాన్ని, ఆ జవాబు కోసం ఎవరినో అడగడం నాకు ఇష్టం ఉండదు.

రోడ్డు దూరాన్ని పక్కన పెట్టండి. విజయవాడ మీదుగా దాదాపు 700 కి.మీ. అవుతుంది కానీ విమానానికి ఆ మలుపులతో పనిలేదు. ఫోన్ మ్యాపులో రన్‌వే మీద వేలు నొక్కి పట్టుకుంటే రెండు అంకెలు వస్తాయి. ఓర్వకల్లుకు 15.72, 78.16. విశాఖకు 17.72, 83.22. మొదటిది అక్షాంశం, రెండోది రేఖాంశం.

అక్షాంశాల తేడా 2 డిగ్రీలు. డిగ్రీకి 111 కి.మీ. చొప్పున 222. రేఖాంశాల తేడా 5.06. ఇక్కడ మాత్రం 111తో గుణించకూడదు. ధ్రువాల వైపు పోయేకొద్దీ రేఖాంశాలు దగ్గరపడతాయి కాబట్టి మన దగ్గర డిగ్రీకి 107 వేసుకోవాలి. పిల్లలు పరీక్షలో ఎక్కువగా తప్పేది ఇక్కడే. 5.06ను 107తో గుణిస్తే 541. ఇక పదో తరగతి పైథాగరస్: 222 వర్గం, 541 వర్గం కలిపి వర్గమూలం తీస్తే సుమారు 585 కి.మీ. భూమి గుండ్రంగా ఉన్నా ఇంత చిన్న దూరానికి పెద్ద తేడా రాదు. అమెరికా దూరానికి మాత్రం ఈ పద్ధతి వాడకండి.

ఇప్పుడు సమయం. ఓర్వకల్లు నుంచి 2021లో సర్వీసులు మొదలైనప్పుడు వచ్చినవి ఏటీఆర్ విమానాలు, రెక్కలకు పంకాలుండేవి. అవి గంటకు 500 కి.మీ. దాకా పోగలవు. నేను 480 వేసుకుంటాను. 585ను 480తో భాగిస్తే గంటా 13 నిమిషాలు. విమానం రన్‌వే దాకా మెల్లగా పోవడం, గాల్లోకి లేవడం, దిగేముందు చుట్టు తిరగడం, వీటికి ఇంకో అరగంట. మొత్తం గంటా ముప్పావు. ఎదురుగాలి ఉంటే కాస్త పెరుగుతుంది.

ఆ అరగంట దగ్గర ఊరికైనా తప్పదు. కడప నుంచి గన్నవరం ఇలాగే లెక్కేస్తే 312 కి.మీ., అంటే గాల్లో 39 నిమిషాలే. కానీ మొత్తం గంటా పది. దూరం సగానికి దగ్గరైనా సమయం సగం కాలేదు చూడండి.

మా అమ్మాయికి నేను చెప్పేది గంటా ముప్పావు కాదు. ఇంటి నుంచి నంద్యాల చెక్‌పోస్టు దాటి ఓర్వకల్లుకు 20 కి.మీ. పైచిలుకు, అరగంట. చెక్-ఇన్ కౌంటర్ గంట ముందే మూసేస్తారు కాబట్టి గంటన్నర ముందు అక్కడుంటాను. అటువైపు సామాన్లకు ఇరవై నిమిషాలు, మధురవాడకు గంట. అంతా కలిపితే ఐదు గంటలు. రాత్రి బస్సెక్కితే తెల్లారినా దారిలోనే ఉంటాం, మోకాళ్ల నొప్పులతో నా వల్ల కాదు.

సర్వీసులు, రోజులు మారుతుంటాయి. టికెట్ తీసేముందు ఆ రోజు విమానం ఉందో లేదో చూసుకుని, తర్వాతే ఈ లెక్క వేయండి.