సినిమా వార్తలకూ విజువల్ ఎఫెక్ట్స్ సమాచారానికీ పనికొచ్చే వెబ్‌సైట్లు దొరకనప్పుడు: సమస్యలు - పరిష్కారాలు

సినిమా కబుర్లకు ఇంటర్నెట్‌లో కొరత లేదు, కొరతంతా నమ్మదగిన సమాచారానికే. మంచి సైట్ల జాబితా ఒకటి చేతిలో ఉంటే ఈ ఇబ్బంది తీరుతుందని చాలామంది అనుకుంటారు గాని, ఎంత మంచి జాబితా అయినా కొన్నాళ్లకు పాతబడుతుంది, ఎంత మంచి సైటులోనైనా అప్పుడప్పుడు బలహీనమైన వార్త వస్తుంది. అందుచేత ఏ సైటు మంచిదని అడగడం కంటే, ఈ మాట మొదట ఎవరు చెప్పారు, ఆ పని స్వయంగా చేసినవారు దాని గురించి ఏమన్నారు అని అడగడం ఎక్కువ ఉపయోగపడుతుంది. కింది పరిష్కారాలన్నీ ఆ ప్రశ్నను పట్టుకుని సాగేవే.

ఒకే వార్త అనేక చోట్ల కనిపిస్తోంది, నిజమో కాదో తేలడం లేదు

కారణం: ఆ సైట్లలో చాలావరకు సొంతంగా ఎవరినీ అడిగి తెలుసుకున్నవి కావు. ఒకచోట వచ్చిన వార్తను మరొకరు తమ మాటల్లో తిరగరాస్తారు, దాన్ని ఇంకొకరు తిరగరాస్తారు, ఇలా చేతులు మారుతున్నకొద్దీ వార్తలోని సందేహం కరిగిపోతుంది. మొదటి కథనంలో ‘ఫలానా నటితో సంప్రదింపులు జరుగుతున్నాయి’ అని ఉంటుంది. రెండోదానిలో అది ‘ఆమె దాదాపు ఖరారైనట్టే’ అవుతుంది. మూడోదాని శీర్షికకు వచ్చేసరికి ‘దాదాపు’ కూడా మాయమై, ఆమె ఆ సినిమాలో నటిస్తున్నట్టు స్థిరపడిపోతుంది. ఆ మూడింటినీ చదివినవారికి మూడు ఆధారాలు దొరికినట్టు అనిపిస్తుంది గాని, నిజానికి ఉన్నది ఒక్కటే, అది కూడా సంప్రదింపుల దగ్గరే ఆగిన వార్త.

పరిష్కారం: వార్తను వెనక్కి నడిపించాలి. తిరగరాసిన కథనాల్లో మూలానికి సంబంధించిన లింకు సాధారణంగా మొదటి రెండు మూడు పేరాల్లో, ‘ఫలానా పత్రిక కథనం ప్రకారం’ అన్నచోట ఉంటుంది. దాన్ని నొక్కి చూడండి, అదీ తిరగరాతే అయితే అందులోని లింకును పట్టుకుని ఇంకా వెనక్కి వెళ్లండి. విలేకరి తన పేరు పెట్టి, ఈ సంగతి నిర్మాణ సంస్థ చెప్పిందనో, చర్చల్లో ఉన్నవారి నుంచి తెలిసిందనో రాసిన కథనం దగ్గరో, సంస్థ స్వయంగా విడుదల చేసిన ప్రకటన దగ్గరో ఆ నడక ఆగితే వార్తకు పునాది ఉన్నట్టే. ఎవరిదో తెలియని సోషల్ మీడియా ఖాతా దగ్గర ఆగితే అది పుకారుగానే మిగులుతుంది, ఎన్ని సైట్లు మోసినా దాని బరువు పెరగదు. లింకే లేని కథనమైతే అందులోని ఒక ప్రత్యేకమైన వాక్యాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెతికితే అదే మాటలు ముందుగా ఎక్కడ వచ్చాయో చాలాసార్లు బయటపడుతుంది.

హాలీవుడ్ వార్తల విషయంలో ఈ నడక ఎక్కువగా 1905లో మొదలైన ‘వెరైటీ’, 1930లో మొదలైన ‘ది హాలీవుడ్ రిపోర్టర్’, 2006లో మొదలైన ‘డెడ్‌లైన్’ వంటి వృత్తి పత్రికల దగ్గర ఆగుతుంది. ఈ మూడూ ఇప్పుడు పెన్స్కే మీడియా అనే ఒకే సంస్థ గొడుగు కింద ఉన్నాయన్నది గుర్తుంచుకోదగ్గ విషయం. వాటి సంపాదక వర్గాలు వేరైనా, ‘మూడు పేర్లు కనిపించాయి కాబట్టి మూడు ధ్రువీకరణలు’ అని లెక్క వేయకుండా, ప్రతి కథనమూ సొంతంగా ఎవరిని అడిగి రాశారో చూడటం మంచిది. సినిమాల వివరాలు దొరికే ఐఎమ్‌డీబీ సైటును ఈ పనికి వాడేవారికి ఒక హెచ్చరిక అవసరం. అందులోని వివరాలు చాలావరకు వాడుకరులు పంపినవే కనుక, విడుదలైన సినిమా టైటిల్స్‌లో పడే పేర్లకు అది చక్కగా ఉపయోగపడుతుంది గాని, ఇంకా చిత్రీకరణ మొదలు కాని సినిమా తారాగణానికి దాన్ని రుజువుగా తీసుకోకూడదు.

పాత వార్త కొత్తదిగా ఎదురవుతోంది

కొన్ని సైట్లు పాత కథనంలో ఒకటి రెండు వాక్యాలు మార్చి తేదీని కొత్తగా చూపిస్తాయి, దాంతో సెర్చ్ ఫలితాల్లో అది పైకి వస్తుంది. గూగుల్‌లో ‘టూల్స్’ నొక్కి కాలవ్యవధిని ఎంచుకుంటే కొంత వడపోత జరుగుతుంది. అనుమానం తీరకపోతే పేజీ చిరునామాను, వెబ్ పేజీల పాత నకళ్లను దాచి ఉంచే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో పెట్టి చూడండి. ఆ పేజీ తేదీ నిన్నటిదని చెబుతున్నా రెండేళ్ల కిందటి నకలు అక్కడ ఉంటే విషయం తేలిపోతుంది.

వసూళ్ల అంకెలు ఒక్కో సైటులో ఒక్కోలా ఉన్నాయి

దీనికి అబద్ధమే కారణం కానక్కరలేదు. అమెరికాలో ఆదివారం వెలువడే వారాంతపు వసూళ్లు అంచనాలు మాత్రమే. ఆ రోజు ఆటలు ఇంకా పూర్తి కాకముందే స్టూడియోలు ఊహించి ఇచ్చే లెక్క అది, అసలు అంకెలు సోమవారం వస్తాయి. ‘డొమెస్టిక్’ అంటే అక్కడి పరిభాషలో అమెరికా, కెనడా కలిపి. గ్రాస్ అంటే టికెట్ల మీద వచ్చిన మొత్తం, షేర్ అంటే అందులో డిస్ట్రిబ్యూటర్‌కు దక్కిన భాగం. రెండు అంకెలను పోల్చే ముందు అవి ఏ ప్రాంతానివి, ఏ రోజువి, గ్రాసా షేరా అన్నవి సరిచూసుకుంటే చాలా తగాదాలు అక్కడే తీరిపోతాయి. వసూళ్ల లెక్కలు ఇచ్చే ‘బాక్సాఫీస్ మోజో’, ‘ది నంబర్స్’ సైట్లు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడటం మంచి అలవాటు.

ఒక సన్నివేశం ఎలా తీశారో వెతికితే ట్రైలర్లూ ‘కళ్లు చెదిరే గ్రాఫిక్స్’ వీడియోలే వస్తున్నాయి

ఇది అన్నింటిలోకీ పెద్ద సమస్య, దీనికి మూడు కారణాలు కలిసి ఉంటాయి.

మొదటిది, వెతికే పద్ధతి. సినిమా పేరుకు ‘గ్రాఫిక్స్’ అని చేర్చి వెతికితే ప్రేక్షకుల కోసం తయారైన వీడియోలే వస్తాయి, ఎందుకంటే ఆ మాటతో రాసేవారు వారే. పని చేసినవారు తమ గురించి అలా రాసుకోరు. సినిమా చివర వచ్చే పేర్లలో విజువల్ ఎఫెక్ట్స్ సూపర్‌వైజర్ పేరు, ఎఫెక్ట్స్ చేసిన స్టూడియోల పేర్లు రాసిపెట్టుకుని, వాటిని సినిమా పేరుతో జతచేసి వెతకండి. ఐఎమ్‌డీబీలో విజువల్ ఎఫెక్ట్స్ విభాగం తెరిస్తే చాలామంది పేర్ల పక్కన వారు పనిచేసిన స్టూడియో పేరు కూడా ఉంటుంది. ఒక పెద్ద సినిమాను సాధారణంగా అనేక స్టూడియోలు పంచుకుంటాయి, సముద్రం ఒకరిది, జంతువు ఒకరిది, నగరం ఇంకొకరిది అవుతుంది. కాబట్టి మీకు కావలసిన సన్నివేశం ఏ స్టూడియో చేసిందో ముందు తెలుసుకుంటే సగం వెతుకులాట తప్పుతుంది.

రెండోది, సమయం. ఎఫెక్ట్స్ కళాకారులు గోప్యత ఒప్పందాలకు కట్టుబడి ఉంటారు, సినిమా విడుదలయ్యేదాకా వారు నోరు విప్పలేరు, విడుదలయ్యాక కూడా స్టూడియో అనుమతి వచ్చేవరకు ఆగవలసి వస్తుంది. కనుక విడుదల వారంలో ఏమీ దొరకలేదని నిరాశపడకుండా, కొన్ని వారాలో నెలలో ఆగి మళ్లీ వెతకాలి. అవార్డుల కాలం దీనికి అన్నింటికంటే అనువైనది. ఆస్కార్ అకాడమీ విజువల్ ఎఫెక్ట్స్ విభాగంలో ముందుగా 10 సినిమాలను ఎంపిక చేసి, వాటిలోంచి 5 సినిమాలను నామినేట్ చేస్తుంది. ఆ పోటీలో ఉన్న బృందాలు డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా తమ పనిని విడమరిచి చెప్పడానికి ఉత్సాహంగా ముందుకు వస్తాయి.

మూడోది, ప్రచారం. ‘అంతా నిజంగానే తీశాం, గ్రాఫిక్స్ లేవు’ అని ప్రచారంలో వినిపించే మాటను వార్తా సైట్లు యథాతథంగా అచ్చువేస్తాయి, దాంతో అసలు పని జరగనే లేదన్న అభిప్రాయం బలపడుతుంది. 2022లో వచ్చిన ‘టాప్ గన్: మావెరిక్’ ఇందుకు మంచి ఉదాహరణ. నటులు నిజమైన విమానాల్లో ఎగిరారన్న మాటే ఎక్కడ చూసినా వినిపించింది, అది నిజం కూడా. కాని ఆ సినిమాలో సుమారు 2,400 ఎఫెక్ట్స్ షాట్లు ఉన్నాయని సూపర్‌వైజర్ రయన్ టుడోప్ ఇంటర్వ్యూల్లో వివరించారు, ఆ సినిమా విజువల్ ఎఫెక్ట్స్ విభాగంలో ఆస్కార్ నామినేషన్ కూడా అందుకుంది. కొన్ని షాట్లలో ఆకాశంలో నిజంగా ఎగిరిన ఒక విమానాన్ని చిత్రీకరించి, దాని కదలికను, వెలుగును ఆధారం చేసుకుని, దాని స్థానంలో కథకు కావలసిన మరో విమానాన్ని కంప్యూటర్‌లో నిలిపారు. నిజంగా తీయడం, కంప్యూటర్‌లో చేయడం అన్నవి ఒకదానికొకటి విరోధులు కావని ఇంత స్పష్టంగా చూపించే పని అరుదు. ప్రచార వార్తలు మాత్రమే చదివినవారికి ఆ కళాకారుల శ్రమ కంటికి కనపడకుండానే పోతుంది, అది చాలా బాధ కలిగించే విషయం.

ఇక ఎక్కడ చదవాలి? 1999లో మొదలైన ‘ఎఫ్ఎక్స్‌గైడ్’లో సాంకేతిక వివరణ లోతుగా ఉంటుంది, కంపోజిటింగ్ (వేర్వేరుగా తీసిన, చేసిన బొమ్మలను ఒకే షాట్‌గా కలపడం) గురించి కొంత తెలిసినవారికి అది ఎక్కువ రుచిస్తుంది. ఇయాన్ ఫెయిల్స్ 2019లో ప్రారంభించిన ‘బిఫోర్స్ అండ్ ఆఫ్టర్స్’ కొత్తవారికి సులువుగా ఉంటుంది, ఒక్కో షాట్‌ను విడదీసి చూపిస్తుంది, కొత్తవారు ఇక్కడి నుంచే మొదలుపెట్టాలని నా అభిప్రాయం. ‘ఆర్ట్ ఆఫ్ వీఎఫ్ఎక్స్’లో సూపర్‌వైజర్లతో ప్రశ్న-జవాబు రూపంలో ఇంటర్వ్యూలు ఉంటాయి. విజువల్ ఎఫెక్ట్స్ సొసైటీ వారి ‘వీఎఫ్ఎక్స్ వాయిస్’ పత్రిక 2017 నుంచి వస్తోంది. కెమెరా విభాగానికీ ఎఫెక్ట్స్‌కూ ముడిపడిన విషయాలకు 1920 నాటి ‘అమెరికన్ సినిమాటోగ్రాఫర్’ను మించినది తక్కువ.

పాత సినిమాల లింకులు తెరుచుకోవడం లేదు

ఎఫెక్ట్స్ స్టూడియోలు మూతపడితే వాటి సైట్లూ పోతాయి. ఆస్కార్ గెలిచిన ‘లైఫ్ ఆఫ్ పై’కి పనిచేసిన రిథమ్ అండ్ హ్యూస్ సంస్థ 2013లో దివాలా పిటిషన్ వేయవలసి వచ్చింది, అటువంటి సంస్థల పాత పేజీలను నేరుగా వెతకడం వల్ల ప్రయోజనం ఉండదు. చిరునామా తెలిస్తే వేబ్యాక్ మెషీన్‌లో చూడండి, వీడియోలు అక్కడ సరిగా ఆడకపోయినా రాతలు, బొమ్మలు చాలాసార్లు మిగిలి ఉంటాయి. 1980 నుంచి 2021 వరకు వెలువడిన ‘సినీఫెక్స్’ అనే ఎఫెక్ట్స్ పత్రిక సంచికలు ఆ నాలుగు దశాబ్దాల ఎఫెక్ట్స్‌కు అతి విలువైన ఆధారం. అవి సెర్చ్‌లో సులువుగా తగలవు కనుక, సినిమా పేరుతో పాటు ఆ పత్రిక పేరునూ కలిపి ఏ సంచికలో వచ్చిందో ముందు తెలుసుకుని, తర్వాత ఆ సంచిక కోసం లైబ్రరీల్లోనో పాత పుస్తకాలు అమ్మేవారి దగ్గరో అడగాలి.

ట్యుటోరియల్‌లో చూపిన మెనూ మన సాఫ్ట్‌వేర్‌లో లేదు

సైటు చెడ్డది కాదు, వెర్షన్ మారింది. త్రీడీ బొమ్మలు చేసే బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌నే చూడండి. 2019 జులైలో వచ్చిన 2.80 వెర్షన్‌తో దాని తెర రూపమే మారిపోయింది. అంతకుముందు వస్తువును ఎంచుకోవడానికి కుడి క్లిక్ వాడేవారు, ఆ తర్వాత ఎడమ క్లిక్ వచ్చింది. లేయర్ల స్థానంలో కలెక్షన్లు వచ్చాయి, తుది బొమ్మను తయారుచేసే పాత రెండర్ ఇంజిన్ తొలగిపోయి, ‘ఈవీ’ అనే కొత్తది వచ్చింది. 2017 నాటి పాఠం పెట్టుకుని నేటి వెర్షన్‌లో కూర్చున్నవారు మొదటి నిమిషంలోనే చిక్కుకోవడం సహజం. కంపోజిటింగ్‌కు వాడే న్యూక్ సాఫ్ట్‌వేర్‌లో ఇదే చిక్కు స్క్రిప్టుల (పనులను వాటంతట అవే జరిపించే చిన్న ప్రోగ్రాముల) రూపంలో వస్తుంది. న్యూక్ 13తో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష 3వ వెర్షన్ వచ్చింది కనుక, ప్రింట్ అనే ఆదేశం పక్కన బ్రాకెట్లు లేకుండా రాసిన పాత స్క్రిప్టు అక్కడే ఆగిపోయి సింటాక్స్ ఎర్రర్ చూపుతుంది.

వెతికేటప్పుడే సాఫ్ట్‌వేర్ పేరు పక్కన వెర్షన్ అంకె చేర్చండి. వీడియోలో వెర్షన్ చెప్పకపోతే అప్‌లోడ్ చేసిన తేదీని ఆ వెర్షన్ విడుదల తేదీతో పోల్చండి. బ్లెండర్ అధికారిక మాన్యువల్‌లో వెర్షన్‌ను ఎంచుకునే వీలుంది, కాబట్టి పాత పాఠంలోని పనిముట్టు ఇప్పుడు ఏ పేరుతో ఉందో అక్కడ సరిచూసుకోవచ్చు. ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి: పాత పాఠాలను పారేయకండి. బటన్ల స్థానాలు మారాయి గాని, వెలుగును సరిపోల్చడం, అంచులు శుభ్రంగా తీయడం, రంగును నేపథ్యంతో కలపడం వంటి పనుల సూత్రాలు మారలేదు.

డౌన్‌లోడ్ పేజీ అనుమానంగా ఉంది

సెర్చ్ ఫలితాల్లో అన్నింటికంటే పైన కనిపించేది తరచు ప్రకటన. పేరున్న సాఫ్ట్‌వేర్లను పోలిన నకిలీ పేజీలు ఆ ప్రకటనల ద్వారానే ఎక్కువమందిని చేరుతాయి. ‘స్పాన్సర్డ్’ అని ఉన్నదాన్ని వదిలి, తయారీదారు చిరునామాను స్వయంగా టైపు చేసి తెరవండి. వీడియో చూడటానికి కోడెక్ అనే కొత్త ప్రోగ్రాము కావాలనో, నోటిఫికేషన్లకు అనుమతి ఇవ్వాలనో అడిగే సైటును వెంటనే మూసేయండి. పొగ, నిప్పు, ఆకాశం, గోడల టెక్స్చర్లు వంటివి దించుకునేటప్పుడు ‘ఉచితం’ అన్న మాట చాలదు, ఏ లైసెన్సు కింద ఇస్తున్నారో చూడాలి. ‘పాలీ హేవెన్’ సైటు తన టెక్స్చర్లను, మోడళ్లను, ఆకాశపు హెచ్‌డీఆర్ చిత్రాలను సీసీ0 లైసెన్సు కింద ఇస్తుంది, అంటే వ్యాపారానికి కూడా పేరు చెప్పకుండానే వాడుకోవచ్చు. మిగిలిన చోట్ల నుంచి దించుకున్న ప్రతి ఫైలుతో పాటు దాని లైసెన్సు పేజీని కూడా అదే ఫోల్డరులో భద్రపరచండి, మీ సినిమాను ఫిల్మ్ ఫెస్టివల్స్‌కో ఓటీటీకో పంపే రోజున ముందుగా అడిగే కాగితాల్లో అదొకటి.