పట్టీలు, పుస్తెలు, రోల్డ్‌గోల్డ్: నీళ్లు తగిలితే ఏది ఏమవుతుంది

బెజవాడ ఉక్కపోతలో నగలకు స్నానం నీళ్లకన్నా చెమట, సబ్బు జిడ్డు ఎక్కువ చేటు.

22 క్యారెట్ల బంగారంలో 91.6 శాతం బంగారమే కాబట్టి మంచినీళ్లకు ఏమీ కాదు. భయపడాల్సింది బ్లీచింగ్‌కి, ఈతకొలనులోని క్లోరిన్‌కి. అవి బంగారంలో కలిసిన రాగిని, వెండిని తింటాయి. దెబ్బ ముందుగా టంకం అతుకుల మీద పడుతుంది, 18 క్యారెట్ల నగకైతే ఇంకా ఎక్కువ. బాత్రూమ్ కడిగేటప్పుడు ఉంగరాలు తీసేయండి. జిడ్డు పట్టిన గొలుసును గోరువెచ్చని కుంకుడు రసంలో పది నిమిషాలు నానబెట్టి, మెత్తని బ్రష్‌తో రుద్ది కడిగితే చాలు. ముత్యాలు గుచ్చిన దండను మాత్రం నానబెట్టొద్దు, దారం వదులవుతుంది.

వెండి పట్టీలు నల్లబడేది గాలిలో, చెమటలో ఉండే గంధకం వల్ల. గాజు గిన్నెలో అల్యూమినియం ఫాయిల్ పరిచి, లీటరు వేడినీళ్లు, చెంచా వంటసోడా, చెంచా ఉప్పు వేయండి. పట్టీలు ఫాయిల్‌కి తగిలేలా ఐదు నిమిషాలు ఉంచండి. కుళ్లిన గుడ్డు వాసన వస్తే పని జరుగుతున్నట్టే. రాళ్లు పొదిగినవి, కావాలని నల్లగా చేసిన ఆక్సిడైజ్డ్ వెండి ఇందులో వేయకూడదు. టూత్‌పేస్ట్ అసలొద్దు, గీతలు పడతాయి.

చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ నగలకు పైనున్న బంగారు పూతే ప్రాణం. చింతపండు, నిమ్మకాయ తగలనివ్వకండి. సెంటు ఆరాకే వేసుకోండి, తీశాక పొడి నూలుగుడ్డతో తుడిచి విడిగా జిప్ కవర్లో పెట్టండి. లోపలి ఇత్తడి బయటపడ్డాక ఎంత తోమినా బంగారు మెరుపు రాదు, మళ్లీ పూత వేయించాల్సిందే.