లండన్‌లో అమరావతి శిల్పాలను చూడాలనుకునేవారికి

లండన్ వెళ్లే తెలుగువారు బ్రిటిష్ మ్యూజియంకు తప్పక వెళ్తారు గానీ, రోసెట్టా శిల, ఈజిప్టు మమ్మీల దగ్గరే సమయమంతా గడిచిపోయి, మన అమరావతి మహాస్తూపపు శిల్పాలు అక్కడే ఉన్నాయన్న సంగతి తెలియకుండానే చాలామంది తిరిగి వచ్చేస్తారు. ప్రవేశం ఉచితం, అయినా ముందుగా ఆన్‌లైన్‌లో టికెట్ తీసుకుని, వెనుకవైపు మాంటెగ్యూ ప్లేస్ ద్వారం గుండా లోపలికి వెళ్తే, 33వ గదిని ఆనుకుని ఉన్న, ఈ శిల్పాలుండే 33ఎ గ్యాలరీ దగ్గరపడుతుంది. ఆ గది కొన్ని రోజులు మూసి ఉండవచ్చు కనుక, బయలుదేరే ముందు మ్యూజియం వెబ్‌సైట్‌లో చూసుకోండి.

వీటిని ‘అమరావతి మార్బుల్స్’ అంటారు గానీ, నిజానికి ఇవి పల్నాటి సున్నపురాయిలో చెక్కినవి. 1845లో ఈస్టిండియా కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించినవీ వీటిలో ఉన్నాయి. రెండు వైపులా చెక్కిన పలక ఒకటుంది, దాని దగ్గర మాత్రం తీరిగ్గా నిలబడండి: ఒకవైపు క్రీస్తుపూర్వపు శిల్పి బుద్ధుని రూపం లేకుండా బోధివృక్షాన్నీ, ఖాళీ ఆసనాన్నీ చూపాడు, మూడు శతాబ్దాలకు పైగా గడిచాక అదే రాతిని తిప్పి, రెండో వైపున మరో శిల్పి మహాస్తూపాన్నే చెక్కాడు. నేడు అమరావతిలో దిబ్బగా మిగిలిన ఆ కట్టడం ఒకప్పుడు ఎలా ఉండేదో ఆ రాతి మీదే కనిపిస్తుంది. శుక్రవారం మ్యూజియం రాత్రి 8.30 వరకు తెరిచి ఉంటుంది కాబట్టి, సాయంత్రం వెళ్లడం నా దృష్టిలో మేలు.