చలికాలంలో ఇంట్లో పీఎం 2.5 తగ్గించుకోవడం ఎలా?

వాహనాల పొగ, వీధి చివర తగలబెట్టే చెత్త, డీజిల్ జనరేటర్లు, ఫ్యాక్టరీలు, రోడ్డు దుమ్ము ఏడాది పొడవునా ఉండేవే. హైదరాబాద్, విజయవాడల్లో దీపావళి నుంచి సంక్రాంతి దాకా వాటి బాధ ఎక్కువ. రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది, దాని మీద వెచ్చటి గాలి పొర మూతలా కూర్చుంటుంది. పొగ పైకి పోలేక మన ముక్కు ఎత్తులోనే తిరుగుతుంది.

ఈ పొగలో 2.5 మైక్రాన్లు, అంతకన్నా సన్నగా ఉండే కణాలే పీఎం 2.5. వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. పెద్ద దుమ్మును ముక్కు, గొంతు ఆపేస్తాయి. ఇవి మాత్రం ఊపిరితిత్తుల చివరి గాలిగదుల దాకా పోతాయి, వీటిలో మరీ సన్నవి రక్తంలోనూ కలుస్తాయి. అందుకే ఆస్తమాతో ఆగదు. గుండెపోటు, పక్షవాతం, ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు కూడా పెరుగుతుంది. దగ్గు రాలేదంటే నష్టం జరగలేదని కాదు.

1. ముందు అంకె చదవడం తెలుసుకోండి

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వారి సమీర్ యాప్‌లో గాలిని కొలిచే కేంద్రాల్లో మీ ఇంటికి దగ్గరిది చూడండి. హైదరాబాద్‌లో సనత్‌నగర్, జూపార్క్, బొల్లారం వంటివి ఉన్నాయి. ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) అనేది 24 గంటల సగటు మీద కట్టే లెక్క, కాబట్టి తెల్లారే పట్టిన పొగ అందులో వెంటనే కనిపించదు. ఇంకో చిక్కు ఉంది. ఘనపు మీటరు గాలిలో 60 మైక్రోగ్రాముల పీఎం 2.5 ఉంటే మన లెక్కలో ఏక్యూఐ 100. అదే గాలికి అమెరికా లెక్క వాడే యాప్ 150 పైనే చూపిస్తుంది. ఈ తికమక వద్దనుకుంటే మైక్రోగ్రాములే చూడండి. 24 గంటలకు మన దేశపు పరిమితి 60, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించేది 15.

2. ఇంట్లో పొగ ఆపండి

ఖర్చు లేనిది, అందరూ వదిలేసేది ఇదే. దోమల కాయిల్ ఒకటి పూర్తిగా కాలితే వచ్చే పీఎం 2.5, 75 నుంచి 137 సిగరెట్ల పొగతో సమానమని 2003లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. పడకగదిలో తలుపులు మూసి కాయిల్ వెలిగించి, పక్కనే ఎయిర్ ప్యూరిఫైయర్ పెట్టుకోవడంలో అర్థం లేదు. కిటికీలకు మెష్, మంచానికి దోమతెర చాలు. సాంబ్రాణి, అగరొత్తులు మానలేకపోతే బాల్కనీ తలుపు తీసి వెలిగించండి.

వంటింట్లో పోపు మాడినా, నూనె పొగలొచ్చినా లెక్క ఒక్కసారిగా పైకి లేస్తుంది. పొయ్యి వెలిగించే ముందే ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, వంటయ్యాక పది పదిహేను నిమిషాలు తిరగనివ్వండి. గొట్టం బయటికి లేని చిమ్నీ నూనె జిడ్డును పడుతుందే గానీ సన్న కణాల్ని చాలావరకు మళ్లీ వంటింట్లోకే వదులుతుంది. పొడి చీపురు బదులు తడిగుడ్డ వాడండి.

3. కిటికీలకు వేళ పెట్టుకోండి

చలికాలంలో రాత్రి, తెల్లవారుజామున మూసి ఉంచి, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు మధ్య తెరవండి. ఎండకు పొగ పైకి చెదిరిపోయే వేళ అది. వాకింగ్‌కు కూడా అయిదు గంటల చీకటి కంటే ఎండెక్కాక మేలు. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తీసుకోదు, దాని జాలీ పీఎం 2.5ను ఆపనూ ఆపదు.

4. ప్యూరిఫైయర్ కొంటే లెక్క వేసి కొనండి

10×12 అడుగుల గది, పది అడుగుల ఎత్తు అంటే సుమారు 34 ఘనపు మీటర్లు. గంటకు అయిదుసార్లు గాలి శుభ్రం కావాలంటే 34×5, అంటే 170 సీఏడీఆర్ కావాలి. సీఏడీఆర్ అంటే మెషీన్ గంటకు ఎన్ని ఘనపు మీటర్ల శుభ్రమైన గాలి ఇస్తుందో చెప్పే అంకె. కంపెనీలు చెప్పే అంకె ఫుల్ స్పీడుది. ఆ శబ్దానికి ఎవరూ నిద్రపోలేరు కాబట్టి 250 పైన ఉన్నది చూసుకోండి. సన్న కణాల్ని పట్టే హెపా ఫిల్టర్ ఉండాలి, గాలిలోకి విద్యుదావేశం వదిలే అయనైజర్ ఉంటే ఆపేయాలి, కొన్నింటి నుంచి ఊపిరితిత్తులకు హాని చేసే ఓజోన్ వస్తుంది.

కొత్త మెషీన్ పనిచేయడం లేదని అనిపిస్తే ముందు వెనక మూత తీసి చూడండి. చాలా మోడళ్లలో ఫిల్టర్ ప్లాస్టిక్ సంచిలోనే చుట్టి వస్తుంది, అది తీయకుండానే నడిపేవాళ్లున్నారు. గోడకు, పరదాకు అడుగు దూరం ఉంచండి. బయటి జాలీని రెండు వారాలకోసారి దులపండి. హెపా ఫిల్టర్‌ను మాత్రం కడగొద్దు, తడిస్తే పాడవుతుంది.

5. బైక్ మీద వెళ్లేవాళ్లకు

చున్నీ, కర్చీఫ్ దుమ్మును ఆపుతాయి, పీఎం 2.5ను కాదు. ఎన్95 మాస్కు వేసుకుని ముక్కు దగ్గరి పట్టీ నొక్కి, గట్టిగా ఊపిరి వదలండి. కళ్లద్దాలు మసకబారితే పైనుంచి లీకవుతోందన్నమాట. గుబురు గడ్డం ఉంటే ఏ మాస్కూ సరిగా అతుక్కోదు. ఎన్95ను ఉతికితే పనికిరాదు. ఊపిరి బరువుగా అనిపించినా, పట్టీలు సాగినా మార్చేయండి.