ముక్క పరీక్ష (బయాప్సీ) రిపోర్టును చదవడం ఎలా?

రిపోర్టు చేతికి రాగానే అందరి కళ్లూ చివరి లైను మీదికే పోతాయి. అక్కడ 'కార్సినోమా', అంటే కేన్సర్, అని ఉంటే కిటికీ ముందే ఏడుపులు. లేకపోతే కాగితం మడిచి జేబులో పెట్టుకుని, దేవుడికో దండం పెట్టి వెళ్లిపోతారు. ఉత్తరాంధ్రలోని ఒక పెద్దాసుపత్రిలో పెథాలజీ ల్యాబ్ టెక్నీషియన్‌గా నేను రోజూ చూసేది ఇదే. ఏడ్చేవాళ్లను ఓదార్చడం నా చేతిలో లేదు కానీ, మడిచి జేబులో పెట్టుకునేవాళ్లను మాత్రం వెనక్కి పిలవాలనిపిస్తుంది. చాలాసార్లు అసలు కబురు చివరి లైనుకు పైనే ఉంటుంది: ఈ కణాలు కేన్సర్ దారిలో ఎంతవరకు వచ్చాయన్నది. అది చదవాలంటే ఆ దారి ఎలాంటిదో ముందు తెలియాలి. నోటి కేన్సర్‌నే ఉదాహరణగా తీసుకుంటాను. మా టేబుల్ మీదికి వచ్చే ముక్కల్లో నోటివే ఎక్కువ.

ముందుగా, రోగి కంచం, గ్లాసు వేరు పెట్టకండి. చదువుకున్న ఇళ్లలోనూ ఈ పని చేస్తున్నారు. బీపీ, షుగరు, నల్గొండ పల్లెలను కుంగదీసిన ఫ్లోరోసిస్ లాగే కేన్సర్ కూడా ఒకరి నుంచి ఒకరికి అంటేది కాదు. గర్భాశయ ముఖద్వార కేన్సర్‌కు హెచ్‌పీవీ, కొన్ని కాలేయ కేన్సర్లకు హెపటైటిస్ బి వైరస్ మూలమన్న మాట నిజమే. అంటుకునేవి ఆ వైరస్‌లు. రెండింటికీ టీకాలున్నాయి, పిల్లలకు వేయించండి. కేన్సర్ కణం మాత్రం బయటి నుంచి వచ్చింది కాదు, రోగి సొంత కణమే.

సొంత కణం ఎందుకు ఎదురుతిరుగుతుంది? బుగ్గ లోపలి పొరలో అడుగు వరుస కణాలు ఎప్పుడూ విభజన చెందుతూ ఉంటాయి. కొత్తవి పుట్టేకొద్దీ పాతవి పైకి జరిగి, చదునై, రాలిపోతాయి. రెండు మూడు వారాల్లో పొర అంతా కొత్తదైపోతుంది. కణం రెండుగా విడిపోయే ప్రతిసారీ డీఎన్‌ఏ మొత్తాన్ని తిరగరాయాలి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు ప్రతులు. ఒక్కో ప్రతిలో సుమారు 300 కోట్ల అక్షరాల జతలు. ఇంత రాతలో తప్పులు దొర్లకుండా ఉండవు. దిద్దే యంత్రాంగం కణంలోనే ఉంది. పీ53 అనే ప్రోటీన్ దెబ్బతిన్న కణాన్ని ఆపుతుంది, బాగుచేసే వ్యవధి ఇస్తుంది, బాగుపడకపోతే చంపేస్తుంది. పొగాకులోని నైట్రోసమైన్లు అనే రసాయనాలు తప్పుల సంఖ్యను పెంచుతాయి. ఆ తప్పు ఏదో ఒక రోజు పీ53 జన్యువులోనే పడితే, కాపలావాడే పోయినట్టు.

అయినా ఒక్క తప్పుతో కేన్సర్ రాదు. పెరగమనే జన్యువు ఆగకుండా అరవాలి, ఆపమనే జన్యువు నోరు మూసుకోవాలి, చావవలసిన కణం చావడం మానేయాలి. ఇవన్నీ ఒకే కణవంశంలో పోగుపడాలి. దానికి ఏళ్లు పడుతుంది. జపాన్‌లో యమగివా, ఇచికావా అనే ఇద్దరు కుందేళ్ల చెవుల మీద నెలల తరబడి తారు పూస్తూ పోతే గానీ కేన్సర్ పుట్టలేదు. 1915లో ప్రకటించిన ఫలితమది. 'మా తాత చుట్ట తాగుతూ తొంభై ఏళ్లు బతికాడు' అనేవారికి జవాబూ ఇందులోనే ఉంది. తాతగారికి తప్పులన్నీ ఒకేచోట పోగుపడలేదు, అంతే. అందరికీ అలా కలిసిరాదు.

తప్పులు ఎక్కడ పోగవుతాయో అలవాటే చెబుతుంది. ఖైనీ పెదవి కింద పెట్టుకునేవాళ్లకు అక్కడ, గుట్కా బుగ్గన పెట్టుకునేవాళ్లకు బుగ్గలో. మా శ్రీకాకుళం వైపు కొందరు ఆడవాళ్లు చుట్టను తిరగేసి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీలుస్తారు. అడ్డపొగ అంటాం. వాళ్లకు అంగిలి తెల్లబడుతుంది, దానిమీద ఎర్రని చుక్కలు తేలతాయి, కొందరికి అక్కడే కేన్సర్ వస్తుంది. ఈ అలవాటు లేని ఊళ్లలో గట్టి అంగిలికి కేన్సర్ రావడం అరుదు. పొగాకు కలపని వక్క కూడా అమాయకమైనదేమీ కాదు. అది బుగ్గను లోపల పీచుకట్టేలా చేసి నోరు తెరుచుకోకుండా చేస్తుంది. మీ మూడు వేళ్లు నిలువుగా పెట్టి చూడండి. పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య పట్టకపోతే దంతవైద్యుడికి చూపించండి.

ఇక ముక్క సంగతి. కత్తి తగిలితే పాకుతుందన్న భయంతో నెలలు గడిపేసి వచ్చేవాళ్లున్నారు. నోట్లో పుండు నుంచి చిన్న ముక్క తీస్తే జబ్బు ముదరదు, ఆలస్యం చేస్తే ముదురుతుంది. ముక్కను బయటి ల్యాబుకు మీరే మోసుకెళ్లవలసి వస్తే, అది వెడల్పు మూతి సీసాలో, ముక్కకు కనీసం పదింతల ఫార్మలిన్‌లో (ముక్క పాడవకుండా ఉంచే ద్రవం) మునిగి ఉందో లేదో చూసుకోండి. సెలైన్‌లోనో తడి దూదిలోనో తెస్తే కణాలు పాడైపోతాయి. పేరు మూత మీద కాదు, సీసా మీద ఉండాలి. మూతలు మారిపోతాయి.

మా దగ్గర ముక్క ఫార్మలిన్‌లో గట్టిపడి, ఆల్కహాల్, జైలీన్ దాటి, మైనపు దిమ్మలో కూర్చుంటుంది. దాన్ని సుమారు 4 మైక్రాన్ల పొరగా, అంటే మిల్లీమీటరులో 250వ వంతుగా కోసి, గోరువెచ్చని నీటిమీద తేల్చి, గాజు పలకకు ఎత్తి రంగులు వేస్తాం. కేంద్రకాలు నీలంగా, మిగతా కణం గులాబీగా కనిపిస్తుంది. ఇదంతా తొందరపెడితే జరిగే పని కాదు. మూడోరోజే వచ్చి కిటికీ దగ్గర గొడవ పడటం వల్ల లాభం లేదు.

ఇప్పుడు రిపోర్టు. 'హైపర్‌కెరటోసిస్', 'హైపర్‌ప్లేసియా' అంటే పొర మందమైంది, కణాలు ఎక్కువయ్యాయి, కానీ క్రమం తప్పలేదు. 'డిస్‌ప్లేసియా' దగ్గర ఆగండి. కేంద్రకాలు ఉబ్బి, నల్లబడి, ఒక్కోటి ఒక్కో సైజులో వరుస తప్పి కనబడుతున్నాయని దాని అర్థం. అడ్డదిడ్డం పొరలో కింది మూడో వంతుకే పరిమితమైతే మైల్డ్, మధ్య మూడో వంతు వరకు వస్తే మోడరేట్, ఆపైకి పాకితే సివియర్. పొర మొత్తం మారిపోయి, కింద ఉన్న సన్నని హద్దు మాత్రం చెక్కుచెదరకుంటే 'కార్సినోమా ఇన్ సైటు'. ఆ హద్దును బేస్‌మెంట్ మెంబ్రేన్ అంటారు. రక్తనాళాలు దానికి అవతలే ఉంటాయి. అందుకే హద్దు ఒక్కచోట తెగినా జబ్బు పేరు మారిపోతుంది: 'ఇన్వేసివ్'. జేబులో మడిచి పెట్టుకునేవాళ్ల కాగితాల్లో తరచూ ఉండేది డిస్‌ప్లేసియానే. అది కేన్సర్ కాదు, 'ఏమీ లేదు' కూడా కాదు. అలవాటు మానితే కొన్నిసార్లు వెనక్కి తగ్గుతుంది, మానకపోతే కొందరిలో ముందుకు పోతుంది. ఎవరిలో పోతుందో ముందే చెప్పలేం కాబట్టి డాక్టరు రమ్మన్న తేదీకి వెళ్లి తీరాలి.

'వెల్ డిఫరెన్షియేటెడ్ స్క్వేమస్ సెల్ కార్సినోమా' అని ఉంటే, అది ఆ చదునైన పొర కణాల కేన్సరని, కేన్సర్ కణాలు పుట్టిన పొర పోలికను ఇంకా వదులుకోలేదని అర్థం. అలాంటి పలకను చూస్తే లోతు కండలో కూడా గులాబీ గుండ్రాలు, ఉల్లిపాయను అడ్డంగా కోసినట్టు పొరలు పొరలుగా కనిపిస్తాయి. కెరటిన్ పెర్ల్స్ అంటారు. చూడటానికి అందంగా ఉంటాయి, ఉండకూడని చోట ఉంటాయి. 'పూర్లీ' అంటే పోలిక చెరిగిపోయిందని. ఇది గ్రేడ్. స్టేజీ వేరు. గడ్డ ఎంత పెద్దది, ఎంత లోతు, మెడ గ్రంథులకు పాకిందా అన్నది స్టేజీ. అది చిన్న ముక్కలో తేలదు, స్కానింగు, ఆపరేషన్ తర్వాతి రిపోర్టు కావాలి. ఆ రిపోర్టులో 'గ్రంథులు 2/24' అని ఉంటే 24 పరీక్షిస్తే రెండింటిలో కేన్సర్ కనిపించిందని. 'మార్జిన్' అంటే కోసిన అంచుకూ కేన్సర్‌కూ మధ్య దూరం. నోటిలో సాధారణంగా 5 మిల్లీమీటర్లు, ఆపైన ఉంటే అంచు శుభ్రంగా ఉన్నట్టు లెక్క. రేడియేషన్ అవసరమా అన్నది చాలావరకు ఈ రెండు అంకెల మీదే ఆధారపడుతుంది. సర్జన్‌ను వీటి గురించే అడగండి.

'నెగటివ్ ఫర్ మాలిగ్నెన్సీ', అంటే కేన్సర్ కనిపించలేదు, అని వచ్చి, పుండు మాత్రం రెండు మూడు వారాలు దాటినా మానకపోతే మళ్లీ వెళ్లండి. మేం చెప్పింది ఆ ముక్క గురించే, మిగతా పుండు గురించి కాదు.

చికిత్సకు విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రికో, హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే కేన్సర్ ఆసుపత్రికో, మరెక్కడికో వెళ్తుంటే ఒక్క కాగితంతో వెళ్లకండి. అక్కడి పెథాలజిస్టు పలకను తన కళ్లతో చూసుకోవాలనుకుంటారు. ల్యాబుకు ఒక అర్జీ రాసి, గాజు పలకలతో పాటు మైనపు దిమ్మనూ అడిగి తీసుకోండి. దాన్ని ఎండలో, బండి డిక్కీలో పెట్టకండి, మైనం కరుగుతుంది. ఇచ్చేటప్పుడు దిమ్మ మీది నంబరూ రిపోర్టు మీది నంబరూ ఒకటేనా అని మా ముందే సరిచూసుకోండి. మాకేమీ కోపం రాదు.