సాక్సనీలోని ఒక ‘గౌ’ చరిత్రను, దాని కౌంట్ల వరుసను దానపత్రాల నుంచి కూర్చుకోవడం ఎలా?

పాకనాటి శాసనాలు చదివే అలవాటున్నవారికి మధ్యయుగపు సాక్సనీ చరిత్ర మరీ పరాయిదిగా తోచదు. నెల్లూరు చోడుల కాలంలో గుడికి ఇచ్చిన భూమి వివరాన్ని రాతిమీద చెక్కించారు. జర్మనీలో మఠానికి ఇచ్చిన భూమి వివరాన్ని తోలుమీద రాయించి రాజముద్ర వేయించారు. దాత, గ్రహీత, ఊరు, ఆ ఊరున్న నాడు, తేదీ రెండు చోట్లా కనబడతాయి. కాబట్టి కనిగిరిలోనో కావలిలోనో ఉన్న చరిత్ర విద్యార్థి కూడా ఓపిక ఉంటే అక్కడి ఒక ‘గౌ’ చరిత్రను ఇంటి దగ్గరే కూర్చుకోగలడు. గౌ అంటే మన నాడు వంటి ప్రాంతం. కౌంట్ అంటే అక్కడ రాజు తరఫున న్యాయం చెప్పి, సైన్యాన్ని సమకూర్చే అధికారి.

ముందుగా నేపథ్యాన్ని క్లుప్తంగా తెలుసుకోవాలి. ఫ్రాంకుల రాజు షార్లమేన్ 772 నుంచి 804 వరకు సాక్సన్లతో యుద్ధాలు చేశాడు. ఆ మధ్యలో, 782లో, లిప్ష్‌ప్రింగె వద్ద సభ తీర్చి సాక్సన్ కులీనుల నుంచే కొందరిని కౌంట్లుగా నియమించాడు. ఇంతకుమించి ఈ యుద్ధాల్లోకి దిగితే అసలు పని వెనకబడుతుంది.

తరువాత ఒక్క గౌను మాత్రమే ఎంచుకోవాలి. మొదటిసారి ఈ పనికి పూనుకునేవారికి హార్ట్స్ కొండలకు ఈశాన్యాన, బోడె, సాలె నదుల మధ్య ఉన్న ష్వాబెన్‌గౌ అన్నివిధాలా అనుకూలమని నా అభిప్రాయం. 10వ శతాబ్దపు రాజులకు ఆ చుట్టుపక్కల సొంత భూములు, ఇష్టమైన మఠాలు ఉండడంవల్ల దాన్ని గురించిన పత్రాలు బాగానే మిగిలాయి. 1819లో ఏర్పడిన మోనుమెంటా గెర్మానియే హిస్టోరికా అనే సంస్థ జర్మన్ రాజుల దానపత్రాలను సంపుటాలుగా అచ్చువేసింది. వాటిని ఇంటర్నెట్‌లో డబ్బు కట్టకుండానే చూడవచ్చు. ఒకటవ కోన్రాట్, ఒకటవ హెన్రీ, ఒకటవ ఒట్టో పత్రాలున్న మొదటి సంపుటం తెరిచి, చివర ఉన్న పేర్ల సూచికలో మీ గౌ పేరు వెతకాలి. లాటిన్ రాదని వెనుకాడనక్కరలేదు, ఎందుకంటే మీకు కావలసిన వాక్యం దాదాపు ప్రతి పత్రంలోనూ ఒకే అచ్చులో ఉంటుంది: ‘ఇన్ పాగో’ అన్న మాటల పక్కన గౌ పేరు, ‘ఇన్ కొమితాతు’ అన్న మాటల పక్కన కౌంట్ పేరు. ఫలానా ఊరు ఫలానా గౌలో, ఫలానా కౌంట్ అధికారం కింద ఉన్నదని దాని భావం.

ఈ వాక్యం దొరికిన ప్రతి పత్రానికీ ఒక కాగితం కేటాయించి, దానిమీద తేదీ, ఊరు, గౌ, కౌంట్, గ్రహీత వివరాలు రాసుకోవాలి. తేదీ దగ్గర కొంత లెక్క తప్పదు. ఉదాహరణకు మాగ్డెబుర్గ్‌లో సెయింట్ మారిస్ మఠాన్ని స్థాపిస్తూ ఒట్టో ఇచ్చిన పత్రం 937 సెప్టెంబరు 21 నాటిది. రోమన్ పద్ధతిలో అది అక్టోబరు కలెండ్స్‌కు (అంటే నెల మొదటి రోజుకు) ముందు పదకొండవ రోజు. అక్టోబరు 1ని కూడా కలుపుకొని వెనక్కి లెక్కపెడితే సెప్టెంబరు 21 వస్తుంది. ఒట్టో పట్టాభిషేకం 936 ఆగస్టు 7న జరిగింది కాబట్టి ఆ రోజు అతని పాలనలో రెండవ సంవత్సరంలో పడుతుంది. ఇండిక్షన్ అనే పదిహేనేళ్ల చక్రం కూడా ఉన్నది: క్రీస్తుశకానికి 3 కలిపి 15తో భాగిస్తే మిగిలే శేషమే ఆ సంఖ్య, 937కు అది 10. మోటుపల్లి శాసనంలోని శకవర్షం 1166కు 78 కలిపి 1244 అని తేల్చుకునేవారికి ఇది కొత్త విద్య కాదు. మూడు లెక్కలూ ఒకదానితో ఒకటి పొసగకపోతే, పత్రం నకలు రాసినప్పుడు పొరపాటు జరిగిందా లేక తరువాతి కాలంలో ఎవరైనా కల్పించారా అన్నది సంపాదకుడి పీఠికలో చూడాలి. భూమి తగాదాలకోసం మఠాలు దొంగపత్రాలు పుట్టించిన సందర్భాలు చాలా ఉన్నాయి కనుక ఆ పీఠిక చదవకుండా ఏ పత్రాన్నీ వాడకూడదు.

కాగితాలు పోగయ్యాక వెంటనే సరిహద్దులు గీసి పటం వేయాలనిపిస్తుంది. దయచేసి ఆ తొందర పడవద్దు. కందుకూరు 1970లో ప్రకాశం జిల్లాలో చేరి, 2022లో తిరిగి నెల్లూరు జిల్లాకు వచ్చింది. 1905లో మూడు సంపుటాలుగా వెలువడిన నెల్లూరు జిల్లా శాసనాల సంకలనంలో ఊర్లను వెతికేవారికి జిల్లా గీతలు ఎంతగా కదులుతాయో తెలుసు. వెయ్యేళ్ల కిందటి గౌకు ఆపాటి గీత కూడా ఉండేదనుకోలేము. పైగా గౌ వేరు, కౌంట్ అధికార పరిధి వేరు. ష్వాబెన్‌గౌలోనే గెరో, క్రిస్టియన్ అనే ఇద్దరు కౌంట్ల పేర్లు కనబడతాయి. వారికి పక్క గౌలలోనూ అధికారం ఉండేది. కాబట్టి పటంమీద పత్రాల్లో ఉన్న ఊర్లను మాత్రం చుక్కలుగా పెట్టి, ఒక్కొక్క కౌంట్‌కు ఒక్కొక్క రంగు వాడితే చాలును. చుక్కలు లేనిచోట ఖాళీగా వదిలేయడమే నిజాయితీ.

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ కావలసింది మనుషుల విషయంలో. ఆ కాలపు కౌంట్లకు ఇంటిపేర్లు లేవు. ఒక వంశంలో అవే పేర్లు తిరిగి తిరిగి వస్తాయి. మనుమసిద్ధులను, నల్లసిద్ధులను విడదీయడానికి మన చరిత్రకారులు పడిన శ్రమ ఇక్కడా పడాలి. 965 మే 20న మరణించిన మార్‌గ్రేవ్ (సరిహద్దు ప్రాంతాన్ని ఏలే కౌంట్) గెరో ఒకరు. అతని సోదరి హిడ్డాను కౌంట్ క్రిస్టియన్ పెళ్లాడాడు. ఆమె కొడుకు గెరో 969లో కొలోన్ ఆర్చిబిషప్ అయ్యాడు. హిడ్డా మనుమడైన ఇంకొక గెరో, అతను కూడా మార్‌గ్రేవే, 1015లో పోలండ్ యుద్ధంలో చనిపోయాడు. ఒక్కొక్క కాగితంమీద తేదీ ఉంటేనే ఈ ముగ్గురూ కలిసిపోకుండా ఉంటారు. మఠాల్లో చనిపోయినవారి కోసం ప్రార్థన చేయడానికి రాసుకున్న జాబితాలు కూడా ఉపకరిస్తాయి, అయితే వాటిలో తిథి వంటి రోజు ఉంటుంది గాని సంవత్సరం ఉండదు.

ఆ తరువాత చరిత్రకారుల రచనలను పత్రాలతో సరిపోల్చాలి. కోర్వై మఠవాసి విడుకింట్, మెర్సెబుర్గ్ బిషప్ థీట్‌మార్ ఇద్దరూ ముఖ్యులు. థీట్‌మార్ స్వయంగా వాల్బెక్ కౌంట్ కొడుకు. 929లో లెంట్సెన్ యుద్ధంలో తన ముత్తాతలిద్దరూ మరణించారని గౌరవంగా చెప్పుకున్నాడు. సొంత వంశం గురించి రాసేటప్పుడు ఏ కలమూ తటస్థంగా ఉండదు. గెరో సుమారు 30 మంది స్లావ్ నాయకులను విందుకు పిలిచి ఒక్క రాత్రిలో చంపించాడని విడుకింట్ రాశాడు, వారే ముందు కుట్ర పన్నారని కారణం కూడా చెప్పాడు. ఆ స్లావులు తమ పక్షాన ఒక్క వాక్యమైనా రాసి ఉంచలేదు. మన ప్రశస్తుల్లో ఓడిపోయినవాడి మాట ఎలా వినబడదో ఇక్కడా అంతే. అందుకని ఇటువంటి చోట ‘విడుకింట్ చెప్పిన ప్రకారం’ అన్న మాటలు తప్పకుండా చేర్చాలి. అదే గెరో, కొడుకు ముందే చనిపోగా, గెర్న్‌రోడె అనే స్త్రీల మఠాన్ని స్థాపించి కోడలు హతూయిని దానికి అధిపతిని చేశాడు; ఆ చర్చి నేటికీ నిలిచి ఉన్నది, గెరో సమాధి అందులోనే ఉన్నది.

ఎక్కడ ఆపాలన్నది పత్రాలే చెబుతాయి. 11వ శతాబ్దం గడిచేకొద్దీ గౌ పేరు అరుదవుతుంది, కౌంట్‌ను అతని కోటపేరుతో పిలవడం మొదలవుతుంది. బాలెన్‌ష్టెట్‌కు చెందిన ఎసికో వంశంవారు ఈ ప్రాంతంలోనే ఎదిగారు. ఆ వంశంలోని ఆల్బ్రెహ్ట్ 1157లో బ్రాండెన్‌బుర్గ్ మార్‌గ్రేవ్ అయ్యాడు. 13వ శతాబ్దంలో ఐకె ఫొన్ రెప్గో, ఫాల్కెన్‌ష్టైన్ కౌంట్ హోయర్ కోరికమీద సాక్సన్ల ధర్మశాస్త్రాన్ని జర్మన్‌లో కూర్చినప్పుడు, ష్వాబుల (ష్వాబెన్‌గౌకు ఆ పేరు తెచ్చిన జనుల) వారసత్వ నియమాలు సాక్సన్ల నియమాలకు భిన్నమని ప్రత్యేకంగా రాశాడు. గౌ పాలనా విభాగంగా మరుగున పడ్డాక కూడా అక్కడివారి ఆచారం నిలిచిందనడానికి అది గట్టి సాక్ష్యం కాబట్టి, మీ ఆఖరి కాగితంమీద దానిని రాసుకోండి.